ఉమ్మడి గోడ

"అమ్మా, తలుపు తియ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆ కంతలోంచి నా కాళ్ళు నీకు అందవుగానీ, వెళ్ళి కాఫీ తాగు."

తలుపుకున్న ఉత్తరాలు వేసే కంతలోంచి మా తమ్ముడు సెడ్రిక్ మూతి ఒక్కటే కనిపిస్తోంది. పొద్దుటి నుంచీ బయట మెట్ల మీద మోకాళ్ళు ఆన్చి బతిమాలుతున్నాడు. వీధి వీధంతా ఎవరి మెట్ల మీద వాళ్ళు కూర్చుని చోద్యం చూస్తోంది. శనివారం కదా, ఎవరికీ పనుల్లేవు.

అమ్మ హాల్లో తన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో వెడల్పు గిన్నె పెట్టుకుని కాలర్డ్ ఆకుకూర కాడలు తుంచుతోంది. రేపు చర్చి నుంచి వచ్చాక వండటానికట. గ్యాసు నిన్ననే కట్టేశారు. పొయ్యి వెలగదు, ఆకు మాత్రం గిన్నె నిండా ఉంది. ఆ మాటంటే నా మీద పడుతుందని నేనూ ఒక పక్క కాడలు తుంచుతున్నాను.

"డెల్ఫీనక్కా! నువ్వైనా చెప్పవే."

"నేను చెబితే ఆవిడ ఎప్పుడు విందిరా?"

"ఇల్లు ఎప్పుడైనా కూలొచ్చని ఇన్‌స్పెక్టర్ చెప్పాడమ్మా! ఎప్పుడైనా అంటే ఇప్పుడైనా!"

అమ్మ ఒక కాడ విరిచి పక్కన పడేసింది. "ఆ ముక్క నువ్వు పార పట్టుకున్న రోజు ఎవరూ చెప్పలేదా నాన్నా?"

కంత మూత టప్పున పడింది. మెట్లు దిగి వెళ్తున్న చప్పుడు వినిపించింది.

మా వీధిలో ఇళ్ళన్నీ భుజాలు రాసుకుంటూ వరసగా ఉంటాయి. ప్రతి రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, ఉమ్మడి గోడ. ఫిలడెల్ఫియాలో మా బతుకులన్నీ అలాంటి గోడల మధ్యే. అమ్మ ఇంటి పక్కిల్లు ఏళ్ళ తరబడి పాడుబడి ఉంటే సెడ్రిక్ దాన్ని కొన్నాడు. పాత ఇల్లు చవగ్గా కొని, బాగు చేసి, లాభానికి అమ్మడం ఎలాగో ఎవడో హోటల్ హాల్లో మూడు రోజులు క్లాసు చెబితే విని వచ్చాడు మహానుభావుడు. "కొనేవాడి కన్ను పడే చోట ఖర్చు పెట్టు, పడని చోట పెట్టకు" అని ఒక సూత్రం. "తల వంచుకుని దిగితే అది సెల్లారు, తల ఎత్తుకుని దిగితే అది ఇంకో గది" అని ఇంకో సూత్రం.

ఇక చూస్కోండి. వంటింట్లో తెల్లరాయి పరిచాడు. కింద సెల్లారు నేలని రెండడుగులు లోతుకి తవ్వేశాడు. గోడ వార తవ్వేటప్పుడు కాస్త తవ్వి, అంతమేరా కాంక్రీటు నింపి, అది గట్టిపడ్డాకే పక్క భాగం ముట్టుకోవాలట. నిన్న సిటీ బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ చెబితే తెలిసింది. మావాడు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఊపులో తవ్వుకుపోయాడు. గోడ కింది బండరాళ్ళకి ఆనడానికి మట్టి లేకుండా పోయింది. మిగిలిందేమైనా ఉంటే పోయిన వారం వానలకి జారిపోయింది. ఇల్లు పీకి పందిరేశాడు అంటారే, మా తమ్ముడు ఆ పందిరి కూడా వెయ్యలేదు.

సిటీ వాళ్ళు అమ్మ తలుపు మీద నారింజ రంగు కాగితం అంటించారు. ఎవరూ ఉండకూడదట. సెడ్రిక్ తలుపు మీద మాత్రం ఏ కాగితమూ లేదు. వాడు ఇన్‌స్పెక్టర్‌ని సెల్లార్లోకి దిగనివ్వలేదు. "కోర్టు కాగితం తెండి, చూపిస్తా" అన్నాడు. సోమవారం తెస్తానని అతను వెళ్ళాడు.

ఎదురుగా వీధిలో ప్లైవుడ్ ముక్కలు వేసుకున్న ట్రక్కు ఆగి ఉంది. దాని వెనక బల్ల దించుకుని ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. అమ్మ బయట అడుగు పెట్టగానే తలుపూ కిటికీలూ మూసేసి స్క్రూలు బిగించడం అతని పని. ఒకసారి మూస్తే మళ్ళీ తెరిచేది ఇల్లు కూలగొట్టే రోజునే. ఆ సంగతి అమ్మకి తెలుసు. అందుకే ఆ కుర్చీ దిగడం లేదు. నేను తెల్లారకుండానే వెనక సందులోంచి దూరి ఆవిడ పక్కన చేరాను.

"చలిగా ఉంది, పైనుంచి స్వెటరు తేనా?" అన్నాను.

"మెట్ల మీద గోడ వైపు నడవకు" అంది తల ఎత్తకుండా.

మెట్ల పక్కన గోడ నిలువునా చీలి ఉంది. పైన నా పిడికిలి పట్టేంత వెడల్పు. కిందికి వచ్చేసరికి సన్నబడింది. ఆ సన్నబడ్డ చోట రంగు తేడాగా కనిపిస్తే వేలితో గీకాను. లప్పం ఊడి చేతిలోకి వచ్చింది. పాత లప్పం కాదు. కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. పైన జాగ్రత్తగా గోడ రంగే పూసి ఉంది.

స్వెటరు సంగతి మర్చిపోయి కిందికి వచ్చాను.

"అమ్మా, ఈ లప్పం ఎవరు పెట్టారు?"

"ఈసారి ఆకు ముదురు. ఉడకడానికి చాలాసేపు పడుతుంది."

"లప్పం ఎవరు పెట్టారంటే ఆకు ముదురంటావేమిటి?"

అమ్మ గిన్నె పక్కన పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గోడలోంచి ఇసుక జల్లుమని రాలుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"నేనే పెట్టా" అంది చివరికి.

"ఎప్పుడు?"

"ఎండాకాలంలో. మొదట వెంట్రుకంత ఉండేది. తరవాత వేలు పట్టింది. పెరిగినప్పుడల్లా పెట్టా."

"వాడు తవ్వుతున్నాడని నీకు తెలుసా?"

"చెవిటిదాన్నటే నేను? రోజూ సాయంత్రం ఆ పార చప్పుడు వింటూనే కదా అన్నం తిన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయింది? గోడ చీలిందిరా, ఆపరా అని ఒక్కమాట!"

"అంటే ఆపేసేవాడు."

"ఆపాలనే కదా!"

"వాడు మొదలుపెట్టి ఆపినవి నీకు తెలీవా డెల్ఫీన్? మంగలి షాపు ఆపాడు. ట్రక్కు నడపడం ఆపాడు. రెనీటాతో కాపురం కూడా ఒకసారి ఆపి మళ్ళీ మొదలెట్టాడు." అమ్మ గొంతు తగ్గింది. "ఆ పార చప్పుడు ఒక్కటే ఆగకుండా వినిపించింది. ఈ ఒక్కటైనా గట్టెక్కిస్తాడేమో అనుకున్నా. గోడదేముంది, లప్పం పెడితే పోతుంది అనుకున్నా."

ఆవిడ మీద అరవాలో, ఆవిణ్ణి పట్టుకుని ఏడవాలో నాకు తెలియలేదు. నలభై ఏళ్ళు ఆసుపత్రి వంటింట్లో పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తి దించి కొనుక్కున్న ఇల్లది. మగతోడు లేకుండా కొన్నది. ఈ వీధిలో అందరూ అమ్మని "మిస్ వెర్నెల్" అని గౌరవంగా పిలిచేది ఆ ఇల్లు చూసే. ఆ ఇంటికి ఆవిడే లప్పం పెట్టి, రంగు పూసి, దాని చావు దాచిపెట్టింది.

"నీకు నీ ఇంటికంటే వాడే ఎక్కువా?" అన్నాను.

"నీకు పిల్లలు లేరు. నీకు అర్థం కాదు."

ఆ మాట ఆవిడ నన్ను ఎప్పుడు అన్నా తగలాల్సిన చోటే తగులుతుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వెనక తలుపు దగ్గర రెనీటా నిలబడి ఉంది, నా మరదలు. ఒక చేతిలో సూపు డబ్బా, ఇంకో చేతిలో తీగ చుట్టా, కత్తెరా. గుమ్మం అవతలే నిలబడింది.

"వదినా, అత్తయ్యకి సూపు. వేడిగా ఉంది."

"లోపలికి రా, నువ్వే ఇవ్వు."

"వద్దు వదినా. నాకు చంటిపిల్ల ఉంది."

"ఆవిడకీ పిల్లలు ఉన్నారుగా, ఇద్దరు."

రెనీటా తల దించుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఒకప్పుడు ఎంత నవ్వు మొహం పిల్లో! ఈ ఇల్లు కొన్నాక అద్దెకున్న వాటా ఖాళీ చేశారు. పిల్లని వాళ్ళమ్మ దగ్గర వదిలి, పక్కింటి మేడ మీద నేల మీద పరుపేసుకుని పడుకుంటున్నారు. సిమెంటు దుమ్ముకి దాని జుట్టంతా ఎండుగడ్డిలా అయిపోయింది.

"ఆ తీగ ఎందుకు?" అన్నాను.

"ముందు తలుపుకి పూలదండ కట్టాను. ఎండుపూలది, శరత్కాలంలో కడతాం కదా, అది."

"ఏ తలుపుకి?"

తీగ ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"అమ్మ తలుపుకా? ఆ నారింజ కాగితం మీదా?"

"బయటికి ఏమిటోలా ఉంది వదినా. వీధిలో అందరూ చూస్తున్నారు."

"చూడనీ! చావు ఇంటికి తోరణాలు కడతావా? నీకేమైనా మతి పోయిందా?"

"పోయింది వదినా!" గట్టిగా అరిచింది. సూపు డబ్బా తొణికి చేతి మీద పడ్డా పట్టించుకోలేదు. "పోయింది. మీ తమ్ముడు ఆ క్లాసు నుంచి వచ్చిన రోజే పోయింది. నేను వద్దన్నాను. ముందు ఒక వాటా కొందాం, అద్దెకిద్దాం, నెమ్మదిగా నేర్చుకుందాం అన్నాను. ఆయన విన్నాడా? ఇప్పుడు ఆ ఇల్లు అమ్ముడుపోకపోతే మేం నడిరోడ్డు మీదే. నన్నేం చెయ్యమంటావు, చెప్పు!"

దాని వెనకాలే సెడ్రిక్ వచ్చాడు. పొద్దున మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి కాదు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మొహంలో ఏదో వెలుగు. ఆ వెలుగు చూస్తే నాకు భయం వేసింది.

"అమ్మేదీ?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నా" అంది అమ్మ వంటింటి ద్వారంలోంచి. ఎప్పుడు వచ్చి నిలబడిందో.

"అమ్మా, ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. పోయిన వారం వచ్చిన వాళ్ళే. నచ్చిందట. ఇవాళ ఇంకోసారి చూసి, సంతకం పెట్టేస్తామన్నారు. ఇవాళే!"

అమ్మ ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది.

"డబ్బు రాగానే మొట్టమొదట నీ గోడే అమ్మా. ఇనప దూలాలు పెట్టిస్తా. మంచి ఇంజనీరుని పిలుస్తా. ఒట్టు."

"సోమవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడు కదరా" అన్నాను.

"అందుకే ఇవాళ. సోమవారానికి అది నా ఇల్లు కాదు."

"అంటే ఆ గోతిని వాళ్ళ నెత్తిన వేస్తావా?"

"గొయ్యి ఎక్కడుంది? నేల మీద కాంక్రీటు పోశా. గోడకి జిప్సం బోర్డు బిగించా. చూస్తే అద్దంలా ఉంది."

"బోర్డు వెనక ఏముందో వాళ్ళకి చెబుతావా?"

"అక్కా, నీ నోటికి దణ్ణం పెడతా. ఒక్క గంట ఊరుకో."

అమ్మ అంది, "సరే. అయితే నన్నేం చెయ్యమంటావు? బయటికి వచ్చేయనా?"

పొద్దుటి నుంచీ ఆ మాట కోసమే కదా అందరం ఎదురుచూసింది! గొడవ వద్దు, ముందు బయటికి రానీ, తక్కినవి తరవాత అనుకున్నాను.

సెడ్రిక్ బూట్ల వంక చూసుకున్నాడు. రెనీటా మొహం పక్కకి తిప్పుకుంది.

"వద్దమ్మా" అన్నాడు వాడు.

"ఏమిటీ?"

"ఇప్పుడు వద్దు. నువ్వు బయటికొస్తే ఆ ట్రక్కు మనిషి డ్రిల్లు తీసి ప్లైవుడ్ బిగించడం మొదలెడతాడు. సరిగ్గా వాళ్ళు మెట్లెక్కుతుంటే పక్కింటికి అది బిగిస్తుంటే ఎలా ఉంటుంది? వాళ్ళు మళ్ళీ ఈ వీధి మొహం చూస్తారా? ఒక్క గంట. వాళ్ళు వెళ్ళిపోగానే నేనే వచ్చి నిన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్తా."

"ఒరేయ్!" నాకు చేతికి అందింది రెనీటా చేతిలోని సూపు డబ్బానే. విసరబోతే రెనీటా నా చెయ్యి పట్టుకుంది. "ఎప్పుడైనా కూలొచ్చు, ఎప్పుడైనా అంటే ఇప్పుడైనా అని కంతలోంచి అరిచింది నువ్వు కాదట్రా? ఆ ఇప్పుడు ఏమైంది? ఇల్లు కూలడానికి కూడా నీ బేరం అయ్యేదాకా ఆగుతుందా?"

"ఇన్నాళ్ళు నిలబడింది. ఇంకో గంట నిలబడదా?"

"అయితే నువ్వు లోపలికి రా. ఆవిడ పక్కన కూర్చుని ఆ గంట గడుపు. రా!"

వాడు గుమ్మం దాటలేదు. అసలు అడుగే ముందుకు వెయ్యలేదు.

అమ్మ వాడిని చూసింది. చాలాసేపు చూసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది చూడండి, అలాంటి చూపు.

"కాలరు సరిచేసుకో. ఒకవైపు లేచింది" అంది.

"అమ్మా..."

"వెళ్ళు. గంటే కదా. ఉంటాలే."

వాడు వెళ్ళిపోయాడు. రెనీటా సూపు డబ్బా గుమ్మంలో పెట్టి వాడి వెనకే పరిగెత్తింది. నేను అమ్మ వంక తిరిగాను.

"నువ్వు మనిషివా, మట్టిబొమ్మవా?" అన్నాను. "వాడు నిన్ను సమాధిలో కూర్చోమంటే కూర్చుంటావా?"

"సూపు తాగుతావా?"

"నాకొద్దు!"

"నాకూ వద్దు."

మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. గిన్నె ఒళ్ళోకి తీసుకుంది. తుంచాల్సిన కాడలు అయిపోయాయి. అయినా ఆకుని చిన్న చిన్న ముక్కలు చేస్తూ కూర్చుంది. నేను వెళ్ళిపోదామని రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి వచ్చాను. ఎలా వెళ్తాను? దేవుడా, ఆవిణ్ణి ఒక్కదాన్నీ అక్కడ వదిలేసి ఎలా వెళ్తాను?

కాసేపటికి వాళ్ళు వచ్చారు. ఆ పగులు పుణ్యమా అని పక్కింట్లో ప్రతి మాటా మన ఇంట్లో మాట్లాడినట్టే వినిపిస్తోంది. ఒక మగ గొంతు, ఒక ఆడపిల్ల గొంతు. ఆ అమ్మాయిని అతను ఇమానీ అని పిలుస్తున్నాడు.

"వంటిల్లు ఎంత బాగుందో! ఈ రాయి చూడు కోరీ."

"అన్నీ కొత్తవేనండీ. చేత్తో ఎంచి తెచ్చినవి" అని మా సెడ్రిక్. వాడి గొంతు అంత తియ్యగా ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలీదు.

"పక్కింట్లో ఎవరుంటారు? ట్రక్కు ఏదో ఆగి ఉంది?"

"ఎవరూ లేరండీ. ఖాళీ ఇల్లు. పడగొట్టి కొత్తది కడతారట. అప్పుడు మీ ఇంటికి ఇంకా విలువ పెరుగుతుంది."

నేను అమ్మ వంక చూడలేకపోయాను. చూస్తే ఆకు ముక్కలు చేస్తూనే ఉంది. చేతులు మాత్రం కొంచెం నెమ్మదించాయి.

అడుగులు కిందికి దిగాయి. ఇప్పుడు మాటలు మా కాళ్ళ కింద నుంచి వస్తున్నాయి.

"అబ్బ, కింద ఇంత పెద్ద గదా! నీ తల కూడా తగలట్లేదు కోరీ."

"అమ్మాయిలిద్దరి మంచాలూ ఇక్కడే వేసేద్దాం" అన్నాడు అతను. "మేడ మీద గది నీ కుట్టుపనికి ఉంచుకోవచ్చు."

"కవలలండీ" అంది ఆ పిల్ల సెడ్రిక్‌తో. "నాలుగేళ్ళు. వేరే వేరే గదులంటే ఏడుస్తారు. ఈ గోడ వార రెండు మంచాలూ పడతాయి కదా?"

"హాయిగా పడతాయి."

"గోడ గట్టిదేనా? పాత ఇళ్ళంటే మా నాన్నకి భయం. అడిగి రమ్మన్నాడు."

చెప్పరా, ఇక్కడ ఆగరా అని నేను మనసులోనే వాణ్ణి బతిమాలుకున్నాను.

"నూరేళ్ళనాటి గోడండీ" అన్నాడు నా తమ్ముడు. "ఇంకో నూరేళ్ళు కదలదు."

అమ్మ గిన్నె కింద పెట్టింది. లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, కుర్చీ చేతి మీద ఆనుకుని రెండు క్షణాలు ఆగింది. తరవాత తిన్నగా ముందు తలుపు దగ్గరికి నడిచి గొలుసు మీద చెయ్యి వేసింది.

"అమ్మా! ఎక్కడికి?"

"బయటికి."

"ఒకసారి వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. తెలుసు కదా? నీ బట్టలు, నీ మందులు... ఆగు, కనీసం సంచీ సర్దనీ!"

"ఆ పిల్ల సంతకం పెట్టేస్తుందే" అంది. గొలుసు తీసింది.

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికి అడుగు పెట్టింది. ఆప్రాన్ మీద ఇంకా ఆకు ముక్కలు అంటుకుని ఉన్నాయి. ఎదురుగా ట్రక్కు మీద పెద్దమనిషి తింటున్న రొట్టె కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. వీధి మెట్ల మీద మాటలన్నీ ఆగిపోయాయి. నేను అమ్మ చేతిసంచీ ఒక్కటి లాక్కుని వెనకాలే దిగాను.

పక్కింట్లోంచి వాళ్ళు అప్పుడే బయటికి వస్తున్నారు. ఆ అమ్మాయి నిజంగా చిన్నపిల్లే. చేతిలో పెన్ను ఉంది.

"అమ్మాయ్" అంది అమ్మ. "ఆ కింది గదిలో నీ పిల్లల్ని పడుకోబెట్టకు. ఆ గోడ కింద మట్టి లేదు. తవ్వేశారు."

ఇమానీ బిత్తరపోయి సెడ్రిక్ వంక చూసింది. "ఎవరండీ ఈవిడ?"

వాడి మొహం పాలిపోయింది. "ఈ వీధిలో పెద్దావిడ" అన్నాడు. "వయసు మీద పడింది. ఒక్కోసారి ఏదేదో మాట్లాడుతుంది. పట్టించుకోకండి."

"ఆవిడ ఇతని కన్నతల్లి!" అని అరిచాను నేను. "పక్కింట్లో ఎవరూ లేరన్నాడే, ఇదిగో, ఇంతసేపూ ఆ ఇంట్లోనే ఉంది!"

"అక్కా, నోరుముయ్!"

కోరీ అనే ఆ కుర్రాడు ముందుకి వచ్చాడు. గొంతు మర్యాదగానే ఉంది. "ఆవిడ చెప్పేది నిజమా కాదా? సూటిగా చెప్పండి. గోడకి ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదు. చూశారు కదా మీ కళ్ళతో. మా అమ్మకి మతి సరిగ్గా లేదు. గోడకి ఏమీ కాలేదు."

వెనక డ్రిల్లు మోగింది. ట్రక్కు మనిషి అమ్మ తలుపుకి ప్లైవుడ్ ఆనించి మొదటి స్క్రూ దింపుతున్నాడు. అంతకుముందే పూలదండ తీసి మెట్ల మీద పెట్టాడు. దాని వెనకున్న నారింజ కాగితం అప్పుడు అందరికీ కనిపించింది. "మన్నించండి మిస్ వెర్నెల్, నాకు చెప్పిన పని ఇదే" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. చూడనైనా చూడలేదు.

స్క్రూలన్నీ బిగించాక అతను జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఇవాళ్టి నుంచి ఎక్కడ ఉంటారో రాసుకోవాలమ్మా."

"నా దగ్గర" అన్నాను. నాది మూడో అంతస్తులో ఒంటి గది. అయినా సరే.

"కాదు" అంది అమ్మ. "నా కొడుకు ఇంట్లో ఉంటాను. ఇదిగో, ఇక్కడే."

"అమ్మా!" అన్నాడు సెడ్రిక్.

"ఏం? గోడకి ఏమీ కాలేదన్నావు కదా. ఇంకో నూరేళ్ళు కదలదన్నావు. నాకు నూరేళ్ళు అక్కర్లేదు. ఆ కింది గదిలో, ఆ గోడ వార, నాకు ఒక పరుపు వెయ్యి."

ఎవరూ ఆపేలోపే అమ్మ వాడి కొత్త మెట్లెక్కింది. రెనీటా గుమ్మంలో నిలబడి ఉంది. "అత్తయ్యా, వద్దు అత్తయ్యా" అంటూ చేతులు అడ్డం పెట్టింది. అమ్మ ఆ చేతుల్ని మెల్లగా పక్కకి తప్పించి లోపలికి వెళ్ళిపోయింది.

"ఆపండి ఆవిణ్ణి!" అన్నాను ట్రక్కు మనిషితో.

"ఆ ఇంటికి నా దగ్గర కాగితం లేదమ్మా. ఓనరు వద్దంటే తప్ప నేనేం చెయ్యగలను?"

ఓనరు మెట్ల కిందే నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి వాడి ఇస్త్రీ చొక్కా రెండు చేతులతో పట్టుకున్నాను.

"చెప్పరా! గోడ నిలవదని చెప్పు. ఆ ఒక్క మాట నీ నోటితో చెప్పి ఆవిణ్ణి పైకి పిలువు. నీ కొంప ఎలాగూ మునిగింది. ఆవిణ్ణి పిలవరా!"

వాడు నా వంక చూడలేదు. ఇమానీ చేతిలో పెన్ను వంక చూస్తున్నాడు. ఆ పిల్ల ఇంకా వెళ్ళలేదు. మొగుడి చెయ్యి పట్టుకుని, వాడి నోటి వెంట ఏం వస్తుందా అని నిలబడే ఉంది. వీధంతా కూడా దానికోసమే చూస్తోంది. సెడ్రిక్ నోరు తెరిచాడు.

అప్పుడు తెరిచి ఉన్న తలుపులోంచి, సెల్లారు లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"సెడ్రిక్! ఇక్కడ లైటు స్విచ్చి ఎక్కడుందిరా?"

వాడు తెరిచిన నోరు ఒకసారి మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఎడం పక్కనమ్మా" అన్నాడు.